చేతులు కట్టుకుని కూర్చో!

నాలుగో తరగతిలో సారు బోర్డు మీద పది భాగహారాలు వేశారు. తోటి పిల్లలు మూడో లెక్క దగ్గర ఉండగానే ఒక పిల్ల పదీ చేసి నోటుబుక్కు మూసేసింది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మన ప్రాథమిక బడుల్లో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. ‘చేతులు కట్టుకుని కూర్చో’ అంటారు. లేదా అలాంటివే ఇంకో పది ఇస్తారు. సారుకు ఒంటి చేత్తో అయిదు తరగతులు నడపాల్సిన ఖర్మ పట్టి ఉంటే, పక్కవాళ్ల నోట్సులు దిద్దమంటారు, ఒకటో తరగతిని కాసేపు చూసుకోమంటారు. త్వరగా నేర్చుకున్నందుకు దక్కే బహుమానం ఇదీ. తొందరగా చేస్తే పని పెరుగుతుందని, నింపాదిగా చేస్తేనే సుఖమని ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకు అర్థమైపోతుంది. బడి ఆమెకు గట్టిగా నేర్పిన పాఠం అదొక్కటే.

దీనికి సారును బోనెక్కించడం తేలిక. 2024-25 కేంద్ర విద్యాశాఖ యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్ష దాటాయి. వాటిలో 12 వేలకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి, ఇంకే రాష్ట్రంలోనూ అన్ని లేవు. అయిదు తరగతులకు ఒక్కడే ఉండి, మధ్యాహ్న భోజనం లెక్కలు రాసి, యాప్‌లో ఫొటోలు ఎక్కించే మనిషిని ‘చురుకైన పిల్లకు ప్రత్యేకంగా ఏం చేశావు?’ అని నిలదీసే అర్హత ఎవరికీ లేదు. బోనులో నిలబడాల్సింది ఆయనను అక్కడ ఒంటరిగా వదిలిన ప్రభుత్వాలు.

చట్టం లేదని తప్పించుకోవడానికి వాటికి వీల్లేదు. 2009 నాటి విద్యా హక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తి ఎంతో అంచనా వేసి, దానికి తగ్గట్టు అవసరమైన అదనపు బోధన అందించడం ఉపాధ్యాయుడి విధి. 29వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. పాఠ్య ప్రణాళిక బిడ్డలోని జ్ఞానాన్ని, ప్రతిభను పెంచాలని, శారీరక, మానసిక సామర్థ్యాలు పూర్తి స్థాయికి ఎదిగేలా ఉండాలని చెప్పింది. ఇదంతా వెనుకబడిన పిల్లలకు మాత్రమేనని ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు. అమలులో మాత్రం సాయంత్రం పెట్టే రెమెడియల్ క్లాసుతో సరిపెట్టేశారు.

రెమెడియల్ అక్కర్లేదని మేము అనడం లేదు. 2021 జూలైలో మొదలైన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడో తరగతి ముగించే ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ ‘తొలిమెట్టు’దీ అదే దారి. 2024 అసర్ సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. నూటికి 76 మంది చదవలేకపోతున్నప్పుడు ముందు వాళ్ల సంగతి చూడాలన్న దానిలో వాదమేముంది? కానీ మిగిలిన ఆ ఇరవై ముగ్గురు నాలుగో తరగతిలో ఏం చేయాలి? ఏడాది మొదట్లో బేస్‌లైన్ పరీక్ష రోజున వాళ్ల గడిలో టిక్కు పడుతుంది. చివర్లో ఎండ్‌లైన్ రోజున మళ్లీ టిక్కు పడుతుంది. లక్ష్యం ముందే చేరిపోయారు కాబట్టి మధ్యలో ఏడాదంతా వాళ్లతో ఎవరికీ పని ఉండదు.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత చెప్పుకుంటాం. మన పథకాల ముక్కుకు మాత్రం ఆ వాసన ఆరో తరగతి దాకా తగలదు. అటల్ టింకరింగ్ ల్యాబు ఆరో తరగతి నుంచి. ఇన్‌స్పైర్ మానక్ కూడా ఆరు నుంచే. ఎన్ఎంఎంఎస్ ఉపకార వేతనం పరీక్ష రాయాలంటే ఎనిమిదిలో ఉండాలి. పదో తరగతివారి కోసం దశాబ్దాలుగా నడిచిన జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షనైతే 2021 తర్వాత ఆపేశారు. 2019లో ఇస్రో వేదికగా ఆర్భాటంగా మొదలైన ‘ధ్రువ్’ పథకం తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వారికి, అదీ దేశం మొత్తం మీద 60 మందికి. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిభావంతుల మీద ప్రత్యేకంగా ఒక భాగం రాసింది. లెక్కల బృందాలు, సైన్సు బృందాలు, చదరంగం, కవిత్వం, నాటకం క్లబ్బులు బడి స్థాయిలోనూ, స్కూల్ కాంప్లెక్సుల్లోనూ పెట్టాలంది. చక్కని మాటలే. వేసవి ఆవాస శిబిరాల దగ్గరకు వచ్చేసరికి అవి సెకండరీ పిల్లలకే అని గీత గీసింది. ఎనిమిదేళ్ల బిడ్డకు మిగిలింది క్లబ్బుల మాట ఒక్కటే. అయిదేళ్లు దాటినా మన మండలాల్లో ఆ క్లబ్బు ఎన్ని బడుల్లో నడుస్తోందో ఎంఈఓలను అడిగి చూడండి.

అలాగని ప్రాథమిక బడిలోని తెలివైన బిడ్డకు ప్రభుత్వం చూపిన దారి అసలు లేదనలేం. ఒకటుంది. అది బయటికి పోయే దారి.

ఆ దారి వేసినవాడు మన తెలుగువాడే. 1971లో ముఖ్యమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు, పల్లెల్లోని పేద ప్రతిభావంతుల కోసం సర్వేలులో గురుకుల పాఠశాల తెరిపించారు. తర్వాత తాడికొండ, కొడిగెనహళ్లి వచ్చాయి. కేంద్రంలో విద్య ఆయన చేతిలో ఉన్నప్పుడే 1986 విద్యా విధానం, దానితో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. ఆ బడులు లేకపోతే కలెక్టర్లో డాక్టర్లో శాస్త్రవేత్తలో అయ్యే అవకాశమే లేని పిల్లలు ఎందరో. వాటి మేలును తక్కువ చేయడం అన్యాయం. అయితే అర్ధ శతాబ్దం గడిచాక కూడా మన దగ్గర ఉన్న ఆలోచన అదొక్కటే కావడం సిగ్గుచేటు.

నవోదయలో ఆరో తరగతికి ఏటా 80 సీట్లు. జిల్లా అంతటా అయిదో తరగతి పిల్లలు ఆ సీట్ల కోసం రెండు గంటల పరీక్ష రాస్తారు. జన్మలో ఒక్కసారే రాయాలి, రెండోసారి అవకాశం లేదు. గురుకులాల్లో అయిదో తరగతి ప్రవేశానికైతే నాలుగో తరగతి పిల్లలే కూర్చుంటారు, అంటే తొమ్మిదేళ్లవాళ్లు. సీటు వచ్చిన బిడ్డ ఊరు వదిలి హాస్టల్‌కు వెళ్తుంది. రాని బిడ్డ, ఒక్క మార్కుతో పోయినా సరే, మళ్లీ అదే బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంటుంది. ఇక ఊరి బడికి మిగిలేదేమిటి? తన మంచి విద్యార్థులను ఏటా ఎవరికో అప్పగించి, ఆ తర్వాత ‘సర్కారు బడిలో ప్రమాణాలు లేవు’ అనే మాట పడటం. పరీక్షకు ముందు ఏడాది పొడవునా జరిగేది కూడా ప్రతిభను పెంచడం కాదు. బొమ్మల వరసలో తేడా ఉన్నది పట్టడం, సరైన గడి నింపడం, పాత ప్రశ్నపత్రాలు నలభై సార్లు చేయడం. ఇందుకోసం బడి మాన్పించి కోచింగ్ సెంటర్లలో వేసే తల్లిదండ్రులను తప్పుపట్టలేం. వాళ్లకు కనిపిస్తున్న ద్వారం అదొక్కటే.

డబ్బున్న ఇళ్లలో కథ వేరు, దుర్గతి ఒకటే. మూడో తరగతిలోనే ‘ఐఐటీ ఫౌండేషన్’, ఒకటో తరగతిలోనే ‘ఒలింపియాడ్’. అసలు ఒలింపియాడ్లకు ముంబయిలోని హోమీ భాభా కేంద్రం పిల్లలను ఎంపిక చేసేది హైస్కూలు, ఇంటర్ వయసులో. ఒకటో తరగతి పిల్లాడి మెడలో బంగారు రంగు పతకం వేసే కంపెనీ పరీక్షకు, దానికి పేరు తప్ప పోలిక లేదు. అయిదో తరగతి వాడికి ఎనిమిదో తరగతి బీజగణితం బట్టీ పట్టించి ‘అడ్వాన్స్‌డ్’ అంటారు. కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తామనే ‘మిడ్‌బ్రెయిన్’ మాయ కూడా ఈ సంతలోనే అమ్ముడుపోయింది. బిడ్డ ముందుకు పరుగెత్తడం ఒకటి, లోతుకు దిగడం ఇంకొకటి. కార్పొరేట్ బడికి మొదటిదే అమ్మడం తెలుసు, ఎందుకంటే దాన్ని బ్రోచరులో వేయొచ్చు.

మరి లోతుకు దిగడమంటే ఏమిటి? ఖరీదైన కిట్లు తెమ్మనడం లేదు. పది లెక్కలు ముందే చేసిన ఆ నాలుగో తరగతి పిల్లను సంక్రాంతి ముగ్గు గురించి అడగండి. ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా’ అని వాళ్లమ్మ చెప్పే ముగ్గులో మొత్తం చుక్కలెన్ని? మొదట లెక్కపెడుతుంది. 169 వస్తుంది. ఒక్కోటి లెక్కించకుండా కనుక్కో అంటే నడిమి వరస పదిహేను, దానికి అటూ ఇటూ పద్నాలుగు నుంచి ఎనిమిది దాకా రెండేసి సార్లు అని పట్టుకుంటుంది. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా అయితే? 37. అయిదు, మూడు దాకా అయితే? 19. ఆ సంఖ్యల మధ్య తేడాలన్నీ ఆరుతో ఎందుకు పోతున్నాయి? ఇక్కడ ఆమె నిజంగా ఆగుతుంది. బడిలో మొదటిసారి ఆమెకు వెంటనే జవాబు రాని ప్రశ్న ఎదురైంది. వారం పడితే పట్టనివ్వండి, సారు దిద్దాల్సింది కూడా ఏమీ ఉండదు. వారపు సంతలో టమాటా ధర నాలుగు వారాలు రాసి గ్రాఫు గీయడం, తాతను అడిగి ఊరి చెరువు చరిత్ర రాయడం, పులిమేక ఆటలో మేకలు ఓడిపోకుండా ఆడే పద్ధతి ఉందా అని వెతకడం, ఇవన్నీ ఈ కోవలోవే. కావాల్సింది తరగతి మూలన ఒక పెట్టె, అందులో కొన్ని కార్డులు, వాటిని రాసివ్వగల రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ).

దీని వెనుక పరీక్షకు నిలిచిన జ్ఞానమే ఉంది. అమెరికాలో జోసెఫ్ రెంజుల్లి 1977లోనే ప్రతిభను మెరుగుపరిచే కార్యక్రమాలకు ఒక నమూనా ఇచ్చారు. ముందు పిల్లలందరికీ కొత్త విషయాలు చూపాలి, తర్వాత ఆలోచించే నైపుణ్యాలు నేర్పాలి, ఆసక్తి రగిలినవాళ్లను సొంత పరిశోధనకు వదలాలి. చురుకైన పిల్లలకు ముందే వచ్చేసిన పాఠంలో 40 నుంచి 50 శాతం దాకా టీచర్లు తీసేయవచ్చని 1993లో అక్కడి అధ్యయనం తేల్చింది. అంత దూరం పోనక్కర్లేదనుకుంటే మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీకి పొండి. ఒక్క టీచరుండే పల్లె బడుల కోసమే అక్కడి గ్రామీణ విద్యా కేంద్రం కార్డుల నిచ్చెన తయారు చేసింది. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి ఎక్కుతుంది, నెమ్మదైన బిడ్డను ఎవరూ తోయరు, వేగమైన బిడ్డను ఎవరూ ఆపరు. కర్ణాటక ‘నలి కలి’కి, తమిళనాడు కృత్యాధార బోధన పద్ధతికి ప్రేరణ ఆ నిచ్చెనే. మన గడ్డ మీద పుట్టినదాన్ని పొరుగువాళ్లు రాష్ట్రమంతా పరిచారు. మనం మన పద్ధతిగా నిలుపుకోలేకపోయాం.

ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. ‘తెలివైనవాళ్లు’ అని వేరు చేస్తే ఆ ముద్ర ఎవరికి పడుతుంది? ఉతికిన యూనిఫాం వేసుకుని, ఇంగ్లిషులో జవాబు చెప్పే బిడ్డకు. మన సమాజంలో తెలివికి కులం అంటగట్టిన చరిత్ర ఉంది కాబట్టి ఈ భయం అక్షరాలా నిజం. దీనికి జవాబు వెతకడం మానేయడం కాదు, అందరిలో వెతకడం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం బ్రోవార్డ్ కౌంటీలో 2005కు ముందు టీచర్లో తల్లిదండ్రులో పేరు సూచిస్తేనే పిల్లలను ప్రతిభా కార్యక్రమానికి పరీక్షించేవారు. ఆ ఏడాది రెండో తరగతి పిల్లలందరికీ పరీక్ష పెట్టారు. అంతవరకు ఎవరి కంటికీ ఆనని పేద, నల్లజాతి, లాటినో పిల్లలు పెద్ద సంఖ్యలో తేలారు. డబ్బుల్లేవని ఆ పద్ధతిని తగ్గించాక మళ్లీ వెనక్కి పోయారు. పెద్దల కంటిచూపు మీద వదిలితే నష్టపోయేది ఎవరో ఇంతకంటే రుజువు ఏం కావాలి? సమానత్వం పేరు చెప్పి చేతులు ముడుచుకుంటే దళితవాడ బిడ్డ, తండా బిడ్డ బెంచీ మీదే మిగులుతారు. కలిగినింటి బిడ్డకు చదరంగం కోచ్ ఇంటికే వస్తాడు.

కాబట్టి రెండు రాష్ట్రాల విద్యామంత్రులను అడుగుతున్నాం. నిపుణ్, తొలిమెట్టు రికార్డుల్లో లక్ష్యం ముందే దాటిన పిల్లలెందరో మీ దగ్గర లెక్క ఉంది, ఆ లెక్క మండలాలవారీగా బయటపెట్టండి. వచ్చే బడి ఏడాదికి మూడు, నాలుగు, అయిదు తరగతులకు తెలుగులో, ఉర్దూలో, గిరిజన భాషల్లో కార్డుల పెట్టె పంపండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక్క పూట సర్క్యులర్లు చదవడం ఆపి, ఆ పెట్టె వాడకం నేర్పండి. ఆంధ్రప్రదేశ్ ‘నో బ్యాగ్ డే’ అని ప్రకటించిన శనివారంలో రెండు పీరియడ్లు దీనికివ్వండి. అన్నిటికంటే ముందు ఏకోపాధ్యాయ బడికి రెండో టీచరును వేయండి, అది లేకుండా పై మాటలన్నీ ఉత్త కాగితాలే. ఇందుకు కొత్త చట్టం చేయనక్కర్లేదు, కొత్త కమిటీ వేయనక్కర్లేదు. 24వ సెక్షన్ 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోనే ఉంది.