తలుపు తీసే అధికారం ఎవరి మాట వింటుంది?

'ఇన్‌స్పెక్టర్ రాజ్' అంతం కావాలన్న మాట 1991 నుంచీ వింటున్నాం. దుకాణంలోకో గోదాములోకో ప్రభుత్వాధికారి అడుగుపెట్టడమే వ్యాపారానికి అరిష్టమన్నట్టు రాస్తారు, మాట్లాడతారు. ఈ చర్చంతా అధికారికీ వ్యాపారికీ మధ్యనే నడుస్తుంది. కొనుక్కునే మనిషి అందులో ఉండదు. కిలోకు 50 గ్రాములు తూకంలో కోస్తే, నెలకు 20 కిలోల బియ్యం కొనే ఇంట్లో ఒక కిలో పోతుంది. ఆ కిలో ఎవరి కంచంలో తగ్గుతుందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. అందరికీ పెట్టి మిగిలింది తినే ఇల్లాలి ఆకలిని మార్కెట్ పోటీయే సరిచేస్తుందని మనల్ని నమ్మమంటున్నారు.

అసలు చట్టం ఏమంటోంది? 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం (మన వాడుకలో తూనికలు కొలతల చట్టం) 15వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే అధికారి తగిన వేళల్లో వ్యాపార స్థలంలోకి వెళ్ళి సోదా చేయవచ్చు, కాటాలు, రాళ్ళు, సరుకు జప్తు చేయవచ్చు. ఆ 'కారణం' ఎక్కడినుంచి రావాలో కూడా సెక్షనే చెప్పింది: ఏ వ్యక్తి అయినా ఇచ్చిన, రాతలో నమోదు చేసుకున్న సమాచారం చాలు. ఏ వ్యక్తి అయినా! అంటే బస్తీలో ఉండే పనిమనిషి మాట కూడా చాలు. ఆహార భద్రతా అధికారికి 2006 చట్టం 38వ సెక్షన్ ఇలాంటి అధికారాన్నే ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రాథమిక విచారణ తర్వాత ప్రవేశించి సోదా చేసే అధికారాన్ని జిల్లా కలెక్టరుకు కూడా ఇచ్చింది. కాబట్టి అధికారాలు లేవన్న సాకు చెల్లదు.

మరి ఆ అధికారం ఏ దారిన పోతోంది? తలుపులు, షట్టర్లు, కాపలాదారులు ఉన్న చోట్ల కోసం ప్రవేశాధికారం రాశారు. కానీ దాన్ని వాడడం అన్నిటికన్నా తేలిక తలుపే లేని చోట. రోడ్డు పక్కన కూరగాయలు అమ్మే స్త్రీ దుకాణమంతా ఆకాశం కిందే ఉంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. తేదీ దాటితే ఆమె కాటా పోతుంది, దానితో ఆ రోజు కూలీ పోతుంది. ఆమె తూకం సరిగ్గా ఉండనక్కరలేదని నేననడం లేదు. ఆమె దగ్గర కొనేదీ మనలాంటి స్త్రీలే. కానీ ఆమె ముందు ఆగిన జీపు టోకు వ్యాపారి గోదాము ముందు కూడా ఆగాలి కదా.

కారణం లేకుండా, వేధించడానికి జప్తు చేసిన అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటుందని ఆహార భద్రతా చట్టం 39వ సెక్షన్ చెబుతుంది. మంచిదే. కారణం ఉండి కూడా గడప దాటని అధికారి గురించి ఆ సెక్షన్ ఒక్క మాట మాట్లాడదు. రాజ్యం ఎవరి భయాన్ని గుర్తించిందో, ఎవరి ఫిర్యాదును గుర్తించలేదో ఇక్కడే తెలుస్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీదికి వెళ్ళినప్పుడు వారి చేతిలో ఏ సెక్షనూ లేదు. దుకాణాలు తనిఖీ చేసే అధికారం అబ్కారీ శాఖకు ఉంది, కానీ ఆ శాఖ చూపంతా ఆదాయం మీదే. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాను నిషేధించాల్సి వచ్చింది.

ఆ తర్వాత మనకిచ్చిందేమిటి? 2013 ఆహార భద్రత చట్టం 29వ సెక్షన్ రేషన్ షాపు స్థాయి దాకా నిఘా కమిటీలు వేయమంది, వాటిలో స్త్రీలకు తగిన ప్రాతినిధ్యం ఇవ్వమంది. కమిటీ పర్యవేక్షించాలి, అక్రమం కనబడితే జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. అంతే. చూడడం, రాయడం మనవంతు. ఆ రాసిన కాగితం ఏమైందో చెప్పవలసిన బాధ్యత మాత్రం ఆ సెక్షన్ ఎవరిమీదా పెట్టలేదు.

అయితే సంఘాలకే సోదా అధికారం ఇవ్వాలా? ఈ మాట మన సమావేశాల్లో తరచూ వస్తుంది. నేను ఒప్పుకోను. సంస్కృతి పేరు చెప్పి, మతం పేరు చెప్పి గుంపులుగా దుకాణాల్లోకి చొరబడేవాళ్ళను చూస్తూనే ఉన్నాం. ఆ దెబ్బ మొదట తగిలేది స్త్రీలకూ, దళితులకూ, మైనారిటీలకే. ప్రవేశాధికారం చట్టానికి జవాబు చెప్పే అధికారి దగ్గరే ఉండాలి. మనం అడగవలసింది ఆ జవాబుదారీతనమే. ఫిర్యాదు నమోదు చేసి రసీదు ఇవ్వాలి. తనిఖీకి వెళ్ళకపోతే ఎందుకు వెళ్ళలేదో గడువులోగా రాసివ్వాలి. సోదాకు నిష్పాక్షికులు, గౌరవనీయులు అయిన స్థానికులు కనీసం ఇద్దరు సాక్షులుగా ఉండాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ చెప్పింది. 2024 జూలై నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహితా చెబుతోంది. ఆ 'గౌరవనీయులు' ఎప్పుడూ పక్క దుకాణదారో, ఊరి పెద్దమనిషో ఎందుకవ్వాలి? పంచనామా మీద సంఘం స్త్రీ సంతకం ఉండకూడదని చట్టంలో ఎక్కడా లేదు.

ఈలోగా చేయదగిన పని ఒకటుంది. 2005 సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా తూనికలు కొలతల శాఖను అడగండి: గత ఏడాది జప్తు చేసిన కాటాల్లో బండ్ల మీదివెన్ని, గోదాములవెన్ని? రాతలో వచ్చిన ఫిర్యాదులెన్ని, వాటిమీద అధికారి గడప దాటినవెన్ని? 30 రోజుల్లో జవాబివ్వాలి.