నరముల వ్యాధినుండి కోలుకొనువారికి చేయూత

2020వ సంవత్సరము డిసెంబరు మొదటి వారమున మన యేలూరు వీధులలో జనులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. ఆఱువందలకు పైగా రోగులు ఆసుపత్రి చేరిరి. ఢిల్లీనుండియు హైదరాబాదునుండియు నిపుణులు వచ్చిరి. రక్తమున సీసము, నికెలు కలవని కొందఱు, పురుగుమందుల జాడలు కలవని మఱికొందఱు చెప్పిరి. దేశమంతయు మనవైపు చూచినది. వ్యాధిగ్రస్తులలో పెక్కుమంది కొలది దినములలోనే యిండ్లకు మరలిరి. గుంపుగా వచ్చిన జబ్బునకు సాయము కూడ గుంపుగానే వచ్చును. ఒంటరిగా వచ్చి నెలలతరబడి మంచము విడువని జబ్బు గలవాని గతి యేమి? అట్టి జబ్బు నొకదానిని గూర్చి తలిదండ్రులకును, పై తరగతుల విద్యార్థులకును నాలుగు మాటలు చెప్పదలచితిని.

దాని పేరు గిలియన్ బారే వ్యాధి. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధము జరుగుచుండగా, ఫ్రాన్సు దేశపు వైద్యులు గిలియన్, బారే, స్ట్రోల్ అను మువ్వురు ఇద్దఱు సైనికులను పరీక్షించి దీనిని వర్ణించిరి. (పాపము, మూడవవానికి పేరులో చోటు దక్కలేదు.) విరేచనములో, జలుబు జ్వరమో వచ్చి తగ్గిన కొన్ని వారములకు ఇది తలచూపుట పరిపాటి. సూక్ష్మజీవులను ఎదిరింపవలసిన మన శరీర రక్షకశక్తి, మన నరములనే శత్రువులని భ్రమపడి దెబ్బతీయును. మొదట పాదములలో తిమ్మిరి, పిమ్మట మెట్లెక్కలేకపోవుట, బలహీనత కాళ్లనుండి చేతులకు ప్రాకును. నలువురైదుగురిలో నొకరికి ఊపిరి తీయు కండరములు సైతము చాలించుకొనగా యంత్రసాయము కావలసి వచ్చును. ఇన్ని జరుగుచున్నను రోగి తెలివి చెక్కుచెదరదు. మంచముచుట్టు చేరి బంధువులు చెప్పుకొను ప్రతి మాటయు వానికి వినబడుచునే యుండును. ఇది మఱువదగిన విషయము కాదు.

ఈ వ్యాధిని తెచ్చిపెట్టు కారణములలో ముఖ్యమైన క్యాంపిలోబాక్టరు అను సూక్ష్మజీవి, ఉడికీ ఉడకని కోడిమాంసమునందును, మలినమైన నీటియందును ఉండును. తమ్మిలేరు, బుడమేరు మున్నగు యేరులు తెచ్చిన నీరంతయు చేరు కొల్లేటి యొడ్డున కాపురముండు మనకు, కాచి చల్లార్చిన నీరు త్రాగుమని వేఱుగ బోధింప నక్కఱలేదనుకొందును. 2025 జనవరిలో పూనా నగరమున ఈ వ్యాధి పెక్కుమందికి సోకినది. ఫిబ్రవరిలో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఒక స్త్రీ దీనిచే మరణించినప్పుడు మన జిల్లాలలో కూడ భయము వ్యాపించెను. కాని యిది ఒకరినుండి యొకరికి అంటునది కాదు. రోగి యింటికి పోవుటకు వెఱచు ఇరుగుపొరుగువారు ఈ యొక్క మాట నమ్మిన చాలును, సగము మేలు జరుగును.

చికిత్స యున్నది. వేలమంది దాతల రక్తమునుండి తీసిన రక్షక పదార్థమును ఐదు దినములు నరముద్వారా ఎక్కించెదరు. బరువులో కిలో యొకటికి మొత్తము రెండు గ్రాముల చొప్పున, ఏబది కిలోల మనిషికి నూఱు గ్రాములు కావలెను. దాని వెల సామాన్య కుటుంబమునకు అందునది కాదు. రక్తములోని ద్రవభాగమును మార్చు పద్ధతి మఱియొకటి. గుణమున రెండును సమానమే. ఆలస్యమైనకొలది ఫలము తగ్గును గావున, పక్షవాతమనుకొని తైలమర్దనముతో వారములు గడుపరాదు. 2007లో ఆరోగ్యశ్రీ యను పేరున ఆరంభమై, యిప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవ యనబడు ప్రభుత్వ పథకమున ఈ చికిత్స ఉచితముగా లభించుచున్నది. ఇందుకు ప్రభుత్వమును మెచ్చుకొనవలసినదే.

అయితే ఆ యైదు దినముల తరువాత? నా ఫిర్యాదంతయు ఇచ్చటనే. ఆఱు మాసములు గడచుసరికి ఐదుగురిలో నలువురు ఒరుల యూత లేక నడువగలరు. ఐదవవాడు నడువలేడు. నడచువారిని సైతము అలసట సంవత్సరములు వెన్నాడును. ఆ యాఱు మాసములు చేపల చెఱువున కూలిపని చేయు తండ్రికి కూలి లేదు. రెండు గంటల కొకమాఱు అతనిని ప్రక్కకు త్రిప్పవలెను గనుక తల్లికిని పని లేదు. 2024 జూలై మొదలు మన రాష్ట్రమున మంచముపట్టిన పూర్తి వికలాంగులకు నెలకు 15,000 రూపాయల పింఛను ఏర్పడినది. అది శాశ్వతముగా కాలుసేతులు పడిపోయినవారిని తలచి చేసిన యేర్పాటు. కోలుకొనుచున్నవాడు వికలాంగుడును కాడు, ఆరోగ్యవంతుడును కాడు. ఏ పట్టీలోను వాని పేరు చక్కగా ఇముడదు. 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా యను పేరున, చికిత్సానంతరము విశ్రాంతి తీసికొనువారికి దినమునకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండ ఇచ్చు పద్ధతి నొకదానిని నాటి ప్రభుత్వము ఆరంభించెను. మొత్తము స్వల్పమే, కాని పోయిన కూలి కూడ చికిత్సలో భాగమేనని యొప్పుకొనిన ఆ సూత్రము గొప్పది. ఏ పక్షము అధికారమున నున్నను, ఏ పేరు పెట్టుకొన్నను, ఆ సూత్రము ఈ వ్యాధిగ్రస్తులకు వర్తింపవలెనని నా యభిప్రాయము.

ఇంత అరుదైన జబ్బునకు ఇంత పట్టుదల యేలయని కొందఱు అడుగవచ్చును. లక్షమందిలో ఏటికి ఒకరికో యిద్దఱికో వచ్చు జబ్బే. 2011 జనాభా లెక్కలనుబట్టి ఏలూరు, పశ్చిమగోదావరి జిల్లాలలో కలిపి సుమారు 38 లక్షల జనులు గలరు. భాగహారము నేర్చిన మన పిల్లలు శేషము తామే తేల్చుకొందురుగాక. ఇది ఖజానాను ముంచు లెక్క కాదు.

ప్రభుత్వము చేయువఱకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. కీళ్లు బిగిసిపోకుండ కాలుసేతులు కదల్చు విధము ఇంటివారు ఒక్క పూటలో నేర్చుకొనగలరు. నేర్పువారే దొరకవలెను. తాడేపల్లిగూడెము, ఏలూరు ఆసుపత్రులలో వారమున కొకదినము ఇందుకై కేటాయించి, లంకగ్రామములకు వ్యాయామ చికిత్సకుని పంపు ఏర్పాటున్నచో ఎంతయో మేలు. 2024 సెప్టెంబరు వరదలలో దారులు మునిగి లంకలవారు పడవలమీద తిరిగిరి. కాలు నిలువనివాడు పడవ యెట్లెక్కును? చెఱువుల యజమానులు పనివాని స్థానమును ఆఱు మాసములు మఱియొకరికి శాశ్వతముగా ఈయక నిలిపియుంచుట ధర్మము. అది వారికి భారమును కాదు.

ఇక పాఠశాల సంగతి. తండ్రి మంచమున నున్న పిల్లవాడు చెఱువుగట్టునకు పనికి పోవుట సహజము. వరుసగా పది దినములు రాని బాలుని పేరు హాజరుపట్టీనుండి కొట్టివేయుటకు ముందు ఉపాధ్యాయు డొకమాఱు ఆ యింటి గడప త్రొక్కవలెను. పై తరగతులవారు సాయంకాలములందు పాఠములు తీసికొనిపోయి చెప్పవచ్చును. యంత్రముమీద నున్న రోగి మాటలాడలేడు గాని కనురెప్ప వేయగలడు. ఒక అట్టమీద పెద్ద యక్షరములతో వర్ణమాల వ్రాసి, ఒక్కొక్క యక్షరము చూపుచు పోగా, కావలసిన దానియొద్ద రెప్ప వేసి ఆతడు తన మాట కూర్చుకొనును. అట్టి యట్టలను మన చిత్రలేఖనపు తరగతిలోనే సిద్ధపఱచి ఆసుపత్రులకు పంపవచ్చును. ఖర్చు ఒక అట్టయు, ఒక సిరాబుడ్డియు.