హెచ్చరిక: ఖరీదు చూసి మెడ స్కాన్ ఎంచుకోవద్దు

మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒకవైపు చెయ్యో కాలో పట్టు తప్పినా, ఒక కన్ను ఉన్నట్టుండి కనిపించకపోయినా అది పక్షవాతం కావచ్చు. పది నిమిషాల్లో సర్దుకున్నా సరే, వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు. జంషెడ్‌పూర్ సాక్చిలో ఏ సెంటరు మంచిది, బిష్టుపూర్‌లో ఏ స్కాన్ చవక అని వాకబు చేస్తూ ఆ గడువును పోగొట్టుకోకండి. ఏ పరీక్ష ముందు చేయాలో ఆసుపత్రిలో డాక్టర్లే చెబుతారు.

మెడలోంచి మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనుల్లో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. అక్కడ తయారైన గడ్డ తెగి పైకి వెళితే మెదడులో అడ్డుపడుతుంది. ఆపరేషన్ కావాలా, మందులు చాలా అన్నది ఆ ఇరుకు ఎంతో తెలిస్తేనే తేలుతుంది. లక్షణాలు కనిపించి, ధమని 70 శాతానికి పైగా పూడుకున్నవారికి ఆపరేషన్ చేస్తే రెండేళ్లలో అదే వైపు పక్షవాతం వచ్చే ముప్పు 26 శాతం నుంచి 9 శాతానికి తగ్గిందని 1991లో ఉత్తర అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. కొలత తప్పితే ఆపరేషన్ అవసరమైనవారికి అందదు, అక్కర్లేనివారికి జరుగుతుంది.

ఈ కొలతకు వాడే స్కాన్లలో ఎమ్మారైకి ఎక్కువ డబ్బు పడుతుంది కాబట్టి అదే గొప్పదన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. అది నిజం కాదు. డాప్లర్ అల్ట్రాసౌండ్ రక్తం వేగాన్ని కొలుస్తుంది. సెకనుకు 230 సెంటీమీటర్లు దాటితే ఇరుకు 70 శాతానికి మించి ఉండవచ్చని అంచనా. సూది గుచ్చరు, రేడియేషన్ ఉండదు, మంచం పక్కనే చేయవచ్చు. అయితే ఫలితం చేసేవారి నైపుణ్యం మీద ఆధారపడుతుంది. కిరణం కోణం 60 డిగ్రీలు మించితే లెక్క తప్పుతుంది. నాళం వ్యాసం కొలతలో 10 శాతం తేడా వచ్చినా ప్రవాహం లెక్కలో దాదాపు 20 శాతం తేడా వస్తుంది. రెండోవైపు నాళం మూసుకుపోయి ఉంటే ఇటువైపు రక్తం జోరు పెరిగి, లేని ఇరుకు ఉన్నట్టు కనిపించవచ్చు.

ఎమ్మారై దవడ వెనుక, పుర్రె లోపలి నాళాలను కూడా చూపిస్తుంది. కానీ మామూలుగా రాసే ఎమ్మార్ యాంజియో నాళం ఆకారాన్నే చూపుతుంది. ప్రవాహాన్ని కొలవాలంటే ఫేజ్ కాంట్రాస్ట్ అనే ప్రత్యేక పద్ధతి వాడాలి. గుండె లయ తప్పినవారిలో ఆ కొలత కూడా గాడి తప్పుతుంది. రక్తం సుడి తిరిగే చోట కొన్ని ఎమ్మార్ చిత్రాలు ఇరుకును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతాయి. అందుకే ఒక్క రిపోర్టులోని ఒక్క అంకె చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. రెండో పద్ధతిలో సరిచూశారా అని అడగండి. అడగడం మీ హక్కు.

జంషెడ్‌పూర్‌కు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఇంకొకటుంది. ఇది ఇనుముతో బతికే ఊరు. 1912లో ఇక్కడ ఉక్కు తయారీ మొదలైనప్పటి నుంచి తరతరాలు కొలిమి దగ్గర, గ్రైండింగ్ దగ్గర, వెల్డింగ్ దగ్గర పనిచేశాయి. ఆదిత్యపూర్ షెడ్లలో ఇప్పటికీ చేస్తున్నాయి. కంట్లో ఎగిరిపడిన ఇనుప రజను ఏళ్ల తరబడి తెలియకుండా ఉండిపోవచ్చు. ఎమ్మారై అయస్కాంతం దాన్ని కదిలిస్తే చూపు పోవచ్చు. అలా ఒక రోగి కన్ను పోయిన సంగతి 1986లోనే వైద్య పత్రికకెక్కింది. అనుమానం ఉంటే ముందు కంటికి ఎక్స్‌రే తీయాలి. పేస్‌మేకర్ గానీ మెదడులో పాత క్లిప్ గానీ ఉంటే అదీ చెప్పాలి. ఆ అయస్కాంతం ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబై నాయర్ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లిన యువకుడు ప్రాణాలు కోల్పోయాడు.

ఏ లక్షణమూ లేనివారు హెల్త్ ప్యాకేజీలో ఉంది కదా అని మెడ స్కాన్ చేయించుకోనక్కర్లేదు. అలాంటివారికి మూకుమ్మడిగా ఈ పరీక్ష చేయవద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం 2021లో మళ్లీ చెప్పింది. ఆ డబ్బుతో బీపీ, షుగర్ మందులు మానకుండా వాడండి. ఖైనీ, బీడీ మానేయండి.

స్కాన్ సెంటర్లకు మా డిమాండ్ ఒక్కటే: ఎమ్మారై గది తలుపు తీసే ముందు ప్రతి రోగినీ 'ఇనుము పని చేశారా' అని తెలుగు, హిందీ, బంగ్లా, సంతాలీల్లో ఆ రోగికి అర్థమయ్యే భాషలో అడగండి.

కద్మాలో, సోనారిలో, టెల్కోలో ఉన్న తెలుగు కుటుంబాలకు మా విన్నపం. పక్షవాతం మాటను లాక్కోవచ్చు. ఆ వేళ పెద్దాయన తన కంటి సంగతి తాను చెప్పలేడు. అందుకే ఇవాళే అడగండి: 'నాన్నా, ఎప్పుడైనా కంట్లో ఇనుప రజను పడిందా?' ఆయన చెప్పిన జవాబును, వాడుతున్న మందుల పేర్లతో పాటు ఆసుపత్రి ఫైలు మొదటి పేజీలో రాసి పెట్టండి.