ఇంజను దీపము చెప్పిన మాట



ఈ నెల ఒక కారు సంగతి వ్రాయుచున్నాము. మాకు కారు లేదు గదా అని పుట త్రిప్పవద్దు. పెండ్లికైనా, ఆసుపత్రికైనా ఇప్పుడు మన పల్లెలవారు ఎక్కేది బాడుగ బండ్లే. వాటిలో చాలావరకు టర్బో డీజిలు బండ్లే. పైగా ఇది బండితో ఆగిపోయే సంగతి కాదు.

మా సంఘమునకు ఏడుగురు కూర్చునే పాత డీజిలు బండి ఒకటి ఉన్నది. ఐదు గ్రామముల ఆరాధనలకు, రాత్రివేళ రోగులను తీసికొని పోవుటకు అదే ఆధారము. 2023 ఆగస్టులో ఒక రాత్రి, కడుపునొప్పితో మెలికలు తిరుగుచున్న ఒక సహోదరిని గిద్దలూరు నుండి నంద్యాలకు తీసికొని పోవుచున్నాము. దిగువమెట్ట దాటి నల్లమల ఘాటు ఎక్కుచుండగా ఒక్కసారిగా పికప్ పడిపోయినది. ఆక్సిలేటరు పూర్తిగా త్రొక్కినా బండి లాగదు. మీటరులో ఇంజను బొమ్మగల పసుపు దీపము వెలిగినది. వెనుక సీటులో ఆమె మూలుగు, చుట్టూ అడవి. డ్రైవరు తమ్ముడు ప్రక్కకు తీసి, ఆపి, మరల స్టార్టు చేసెను. కొంత దూరము బాగానే పోయి, ఎత్తు రాగానే మరల అదే వరుస. అట్లు నాలుగుసార్లు ఆగి, ఎద్దుబండి నడకతో నంద్యాల చేరితిమి. దేవుని కృపను బట్టి వైద్యము అందినది, ఆమె నేడు క్షేమముగా ఉన్నది.

మరుసటి దినము దగ్గరలోని ఒక షెడ్డులో చూపించితిమి. కుర్రవాడొకడు స్టీరింగు క్రిందనున్న సాకెట్టుకు స్కానర్ తగిలించెను. పదహారు పిన్నుల ఆ సాకెట్టు అమెరికాలో 1996 నుండి అమ్మిన కార్లన్నిటికి ఉన్నది. మన దేశములో 2013 తరువాతి కార్లలో సాధారణముగా కనబడును. తెర మీద పి 0299 అని వచ్చినది. అంతే, “అయ్యగారూ, టర్బో పోయింది. మార్చాలి. 48 వేలవుతుంది” అన్నాడు. పట్టుమని పది నిమిషములు కూడ పట్టలేదు.

సంఘ పెద్దలు కూడుకొనిరి. కోత పండుగ కానుకలలో నుండి ఇవ్వవలసినదే అనుకొనిరి. ఆ మీదట, టర్బో ఎందుకు పోయినదను ప్రశ్న వచ్చినది. ఘాటు ఎక్కిన వేడి మీద బండిని ఠక్కున ఆపితే టర్బో పాడగునని ఒక పెద్ద ఎక్కడో విని యుండెను. అది నిజమే. అయితే అందులో నుండి, “మనవాడు అలాగే ఆపుతాడు, వానివల్లే పోయింది” అను తీర్పు వెంటనే పుట్టినది. అతడు బాప్తిస్మమునకు ముందు త్రాగిన దినములను కూడ ఒకరు త్రవ్వి తీసిరి. తాళములు అతని యొద్దనుండి తీసికొనిరి. మేము అధ్యక్ష స్థానములో కూర్చుండి తల ఊపితిమి.

48 వేలు కూడుటకు కొంత కాలము పట్టినందున ఒక మేలు జరిగినది. నంద్యాలలో ఆర్.టి.సి. డిపోలో పనిచేసి రిటైరైన ఒక మేస్త్రీని కూడ అడుగుదమని బండిని అక్కడికి తీసికొనిపోతిమి. ఆయన మొదట స్కానర్ తగిలించి కోడ్ చదివెనేగాని చెరపలేదు. దోషము పడిన క్షణములో ఇంజను ఎంత వేగముతో తిరుగుచున్నదో, ఎంత లోడు మీద ఉన్నదో కంప్యూటరు దాచిపెట్టుకొనును. తొందరపడి కోడ్ చెరిపితే ఆ సాక్ష్యము కూడ పోవును. ఆయన దానిని చదివి, మా వైపు తిరిగి, “ఆ రాత్రి నడిపింది ఎవరు? ఆయన్ను రమ్మనండి” అన్నాడు.

మాకు చెమట పట్టినది.

కబురు పంపగా ఆ తమ్ముడు వచ్చి దూరముగా నిలువబడెను. మేస్త్రీ అడిగినదానికి నెమ్మదిగా చెప్పెను: “ఎత్తు ఎక్కేటప్పుడు ముందువైపు పాము బుస కొట్టినట్టు శబ్దం వచ్చేది. కాసేపటికి దీపం వెలిగేది. వెనుక నల్ల పొగ. అయ్యగారికి ఆ రాత్రే చెప్పినాను.” చెప్పిన మాట నిజమే. రోగి ప్రక్కన కూర్చుండి ప్రార్థించుచున్న మేము వినియు వినలేదు. తరువాతనైనా జ్ఞాపకము చేసికొనలేదు.

ఇక్కడ టర్బో అనగా ఏమిటో కొంచెము చెప్పవలెను. 1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందిన ఆలోచన ఇది. ఇంజను విడిచిన వేడి పొగతోనే ఒక చక్రము తిరుగును. అదే ఇరుసుకు రెండవ కొసనున్న చక్రము బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంటర్‌కూలర్‌లో చల్లార్చి ఇంజనులోనికి పంపును. గాలి ఎక్కువైతే డీజిలు ఎక్కువ మండును, బలము ఎక్కువగును. నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగు ఆ ఇరుసు పలుచని నూనె పొర మీద తేలుచుండును. అందుకే ఈ బండ్లకు సరియైన ఇంజను ఆయిలు సకాలములో మార్చుట ప్రాణము.

కంప్యూటరు తాను కోరిన గాలి ఒత్తిడిని, వచ్చిన ఒత్తిడిని ఎప్పటికప్పుడు సరిచూచును. కోరినంత రానప్పుడు పి 0299 వ్రాసి, దీపము వెలిగించి, ఇంజను చెడకుండ బలము తగ్గించి కుంటినడక నడిపించును. లింప్ మోడ్ అందురు. చాలా బండ్లలో ఆపి మరల స్టార్టు చేస్తే కాసేపు తేరుకొనును, మా ఘాటు రోడ్డు అనుభవము అదే. ఆ కోడ్ చెప్పినదంతయు ఇంతే: గాలి చాలలేదు. ఎందుకు చాలలేదో చెప్పలేదు. జ్వరమాని 102 చూపినంత మాత్రాన మలేరియా అనియు, టైఫాయిడ్ అనియు చెప్పునా?

గాలి చాలకపోవుటకు ఎన్ని దారులో! ఫిల్టరు మూసుకొనుట, పైపు చీలుట, క్లిప్పు వదులగుట, టర్బోను అదుపుచేయు సన్నని వాక్యూమ్ గొట్టము ఎండి పగులుట, ఇ.జి.ఆర్. వాల్వు తెరుచుకొని ఇరుక్కుపోవుట, సెన్సారు తప్పు లెక్క చెప్పుట. టర్బోయే పోవుట వీటిలో ఒకటి. దానిని చివర చూడవలెను గాని మొదట కాదు, ఎందుకనగా అది అన్నిటికన్న ఖరీదు. డీజిలు ఫిల్టరు మూసుకున్నా బండి లాగదు గాని, అప్పుడు సాధారణముగా వచ్చు కోడ్ వేరు.

మేస్త్రీ ఎయిర్ ఫిల్టరు చూచెను, బాగున్నది. టర్బో మూతి దగ్గర పైపు విప్పి, వ్రేలితో చక్రము త్రిప్పి, ఇరుసును ముందుకు వెనుకకు కదిపి చూచెను. “ప్రక్కలకు రవ్వంత ఆడితే తప్పు లేదు. లోపలికి బయటికి ఆడకూడదు. ఇది గట్టిగా ఉంది” అన్నాడు. తరువాత ఇంటర్‌కూలర్ నుండి ఇంజనుకు పోవు రబ్బరు పైపు అడుగుభాగమున నూనెతో తడిసిన దుమ్ము చూచి, అక్కడ ఆగెను. చేతితో నొక్కితే ఏమియు కనబడలేదు. కొసలు మూసి కొద్దిపాటి గాలి ఎక్కించి సబ్బు నీళ్ళు పోయగా, వ్రేలెడు పొడుగున బుడగలు లేచినవి. ఒత్తిడి వచ్చినప్పుడు మాత్రమే నోరు తెరచు చీలిక. చదునైన రోడ్డు మీద అది ఎన్నడును బయటపడదు.

పైపునకు 2,600, కూలికి 700. మొత్తము 3,300 రూపాయలు.

పాఠకులలో బండ్లు నడుపువారికి ఒక మాట. దీపము వెలిగితే కోడ్ కాగితము మీద వ్రాయించుకొనుడి. ఏ వేగములో, ఏ ఎత్తులో, ఏ శబ్దముతో జరిగినదో మీరే చెప్పుడి. టర్బో నిజముగా పోయిన పక్షమున, ఎందుకు పోయినదో తేల్చకుండ క్రొత్తది బిగించనియ్యకుడి. నూనె వచ్చు గొట్టము మూసుకొని యుంటే క్రొత్తది కూడ పాతదాని వెంటనే పోవును. ఘాటు ఎక్కి ఆగినప్పుడు ఒక నిమిషము ఇంజను ఊరక తిరగనిచ్చి ఆపుట మంచిదే. ఆ పెద్ద చెప్పిన మాటలో తప్పు లేదు, ఆ మాటను ఒక మనిషికి తగిలించుటలోనే తప్పు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి యోబు గ్రంథము తెరచితిమి. ఆ ముగ్గురు స్నేహితులు ఏడు దినములు నోరు మెదపక నేల మీద కూర్చున్నంతసేపు బాగుగానే ఉండిరి. ఎదుట కనబడుచున్నది శ్రమ. శ్రమ ఉన్నది గనుక పాపము ఉండి తీరునని వారి లెక్క. వారు పలికిన మాటలలో చాలావరకు వేరొక చోట నిజమగును, యోబు యెడల మాత్రము అబద్ధమాయెను. మన సంఘములలో ఒకడు రెండు ఆదివారములు రాకపోతే మనము వెంటనే చదువు కోడ్ ఏది? వెనుకబడిపోయాడని. అతని ఇంట అప్పులవాడు కూర్చున్నాడో, బిడ్డకు ఫీజు కట్టలేక ముఖము చాటు చేసికొన్నాడో ఎవరు విప్పి చూచిరి? మేము పదునెనిమిదేండ్లుగా సంఘములు కాయుచున్నాము, మేమును అట్లే చేయుచుంటిమి.

తరువాతి ఆదివారము ఆరాధన పిమ్మట సంఘమంతటి యెదుట జరిగినది చెప్పి, తప్పు మాది అంటిమి. పెద్దలలో ఇద్దరికి అది నచ్చలేదు. కమిటీ మాట కమిటీలోనే ఉండవలెనట. తీర్పు ఊరంతా తిరిగినప్పుడు క్షమాపణ మాత్రము గదిలో ఎందుకుండవలెనని అడిగితిమి. డ్రైవరు తమ్ముడు ఆ దినము రాలేదు. మూడు వారములుగా బల్లారాధనకు రావడము లేదని అప్పుడే గమనించితిమి.

సాయంత్రము తాళములు పట్టుకొని అమ్మగారితో కలిసి అతని ఇంటికి వెళ్ళితిమి. అతని భార్య మంచము వాల్చి నీళ్ళిచ్చినది గాని మాట్లాడలేదు. మేము చెప్పవలసినది చెప్పి తాళములు మంచము మీద పెట్టితిమి. అతడు చాలాసేపు వాటిని ముట్టలేదు. వాకిట కోళ్ళను చూచుచు కూర్చుండెను. చివరకు, “అయ్యగారూ, కొత్త పైపుకు క్లిప్పులు రెండువైపులా బిగించినారా? ఒకపక్క బిగించి మరిచిపోతుంటారు” అన్నాడు.

తెలియదంటిమి. అతడు లేచి టార్చిలైటు తీసికొని బండి దగ్గరకు నడిచెను.