మోటారు సైకిలు ఆటకు ఏటిగట్టు కాదు, ఎండిన గొయ్యి చూపించాలి

కొత్తపేట: గోదావరి తగ్గి ఇసుక తిన్నెలు బయటపడగానే లంక గ్రామాల్లో సాయంత్రం పూట మోటారు సైకిళ్ళ చప్పుడు మొదలవుతున్నది. నలుగురైదుగురు స్నేహితులు కలిసి ఇసుక దిబ్బలెక్కడం, ఇటుక బట్టీలకు మట్టి తీసి వదిలేసిన గోతుల్లోకి బండి దింపి మళ్ళీ పైకి ఎక్కించడం, ఎవరి బండి ఆగకుండా వస్తుందో పందెం వేసుకోవడం కుర్రకారుకు వేడుకయింది. పెద్దలు దీనిని పోకిరీతనం అంటున్నారు. కుర్రవాళ్ళు ఆట అంటున్నారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉన్నా, ఈ వాదులాటలో ఎవరికీ పట్టని సంగతి ఒకటున్నది. అది మన ఏటిగట్టు సంగతి.

రాయి లేని సీమ

మెట్ట ప్రాంతాల్లో కుర్రవాళ్ళు ఇలాంటి ఆటకు పాత రాతి క్వారీలను వెతుక్కుంటారు. గౌతమికి, వశిష్ఠకు నడుమనున్న మన కోనసీమ అంతా ఒండ్రు నేల. ఇక్కడ కొండా లేదు, రాతి క్వారీ లేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర కట్టించిన ఆనకట్టకు సయితం రాయి ధవళేశ్వరం కొండ నుంచే తీశారు. అందువల్ల ఇక్కడి కుర్రవాడికి ఎత్తుపల్లాలు కావాలంటే మూడే చోట్లు. ఒకటి ఇసుక తిన్నె, రెండు బట్టీ గొయ్యి, మూడు ఏటిగట్టు వాలు. ఊరికి దగ్గరగా, ఏడాది పొడుగునా దొరికేది మూడోదే కాబట్టి ఎక్కువమంది దాని మీదనే పడుతున్నారు. ప్రమాదం అక్కడే ఉన్నది.

గట్టుకు బలం దాని మట్టి, ఆ మట్టిని పట్టి ఉంచే గడ్డి. బండి చక్రం ఒకే చోట పదిసార్లు ఎక్కి దిగితే గడ్డి చచ్చిపోతుంది. తరువాత జానెడు గాడి పడుతుంది. తొలకరి వాన నీరు ఆ గాడినే దారి చేసుకుని దిగుతూ మోకాలి లోతు కోత పెడుతుంది. వరద వచ్చి నీరు గట్టును ఒరుసుకున్నప్పుడు ఆ కోత పడిన చోట గట్టు మందం తక్కువ. ఊట ముందు అక్కడే కనిపిస్తుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు గట్లకు గండ్లు పడి కోనసీమ ఎలా మునిగిందో అరవయ్యేళ్ళు దాటిన వారెవరిని అడిగినా చెబుతారు. 2006 ఆగస్టులో మళ్ళీ గండ్లు పడ్డాయి. 2022 జూలైలో 25 లక్షలకు పైగా క్యూసెక్కులు వచ్చినప్పుడు ఇసుక బస్తాలు వేసి, రాత్రంతా లాంతర్లు, టార్చిలైట్లు పట్టుకుని జనం గట్ల మీద కాపలా కాశారు.

అయితే గట్టు పాడవడానికి కుర్రవాళ్ళ బళ్ళొక్కటే కారణమంటే అన్యాయం. ఇసుక లారీలు, మట్టి ట్రాక్టర్లు ఎక్కి దిగే ర్యాంపుల దగ్గర గట్టు ఎంత కుంగిందో గ్రామస్తులకు తెలుసు. లారీని అడగలేక మోటారు సైకిలును తిట్టడం పెద్దలకు తగదు. అడిగితే రెండింటినీ అడగాలి.

ఇది నిజంగా ఆటేనా?

ఆటే. విదేశాల్లో దీనికి వందేళ్ళ పైబడిన చరిత్ర ఉన్నది. ఇంగ్లండులో 1914 నుంచీ ఇటువంటి పోటీ ఒకటి జరుగుతున్నది. ట్రయల్స్ అనే ఈ రకం పోటీలో వేగానికి విలువ లేదు. రాళ్ళు, బురద, మొద్దుల మధ్య తాళ్ళు కట్టి దారి గీస్తారు. కాలు నేల తాకకుండా బండిని దాటించాలి. ఒకసారి కాలు ఆనితే ఒక తప్పు, రెండుసార్లకు రెండు, ఆపైన ఎన్నిసార్లు ఆనినా మూడు. పడిపోయినా, హద్దు దాటినా అయిదు. తక్కువ తప్పులు చేసినవాడే గెలిచినట్టు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని, నిదానంగా, తూకం తప్పకుండా నడిపేవాడికే ఇందులో పేరు.

ఎడారుల్లో వేల కిలోమీటర్లు నడిపే పోటీ ఇంకొక రకం. మన కోనసీమ నుంచి ఎందరో పనికి వెళ్ళే గల్ఫ్ ప్రాంతంలోనే, సౌదీ అరేబియాలో, 2020 నుంచి డాకర్ ర్యాలీ జరుగుతున్నది. 2024లో కేరళకు చెందిన హరిత్ నోవా అందులో ర్యాలీ-2 తరగతిలో మొదటి స్థానం పొందాడు. ఆ గెలుపు వెనుక ఏళ్ళ తరబడి శిక్షణ ఉన్నది.

అంత దూరం ఎందుకు? టీవీఎస్ బండికి ఇటూ అటూ కొబ్బరికాయల బస్తాలు కట్టుకుని, లంకలో ఇసుక బాట మీద జారకుండా గట్టెక్కే దింపు కార్మికుడిని చూడండి. చక్రంలో గాలి కొంచెం తగ్గించి, యాక్సిలరేటరు ఒకే తీరున పట్టి, బరువు వెనక్కి వేసి నడపాలని అతనికి ఎవరూ నేర్పలేదు. మన కుర్రవాళ్ళు ఆటగా చేస్తున్నది అతను కూటి కోసం రోజూ చేస్తున్నాడు. అతను మాత్రం పందెం వేయడు, ఒంటికాలి మీద విన్యాసాలు చేయడు.

దెబ్బ తగిలితే దిక్కెవరు?

గత వేసవిలో ఒక లంకలో ఈ విలేకరి కళ్ళెదుటే ఒక కుర్రవాడు బట్టీ గోతిలో బండి కింద పడ్డాడు. తలకు హెల్మెట్టు లేదు. అదృష్టం కొద్దీ భుజం ఎముక విరగడంతో పోయింది. 108 వాహనం గట్టు మీద ఆగిపోయింది, ఇసుకలోకి దిగలేకపోయింది. నులక మంచం మీద పడుకోబెట్టి అర కిలోమీటరు మోసుకురావలసి వచ్చింది. అదే తలకు దెబ్బయితే కాకినాడ పెద్దాసుపత్రికి చేర్చేసరికి ఎంత పొద్దయ్యేదో ఊహించుకోవచ్చు. ఆ కుర్రవాడి తల్లి కువైట్‌లో ఇంటిపని చేస్తున్నది. ఆ బండి ఆమె పంపిన డబ్బుతో కొన్నదే. ఆమెకు ఫోనులో ఈ సంగతి ఎవరు చెప్పాలా అని ఇంట్లో గంటసేపు తర్జనభర్జన జరిగింది.

తల్లిదండ్రులు తెలుసుకోవలసినవి మరి రెండున్నాయి. 2019 సెప్టెంబరు నుంచి అమలులో ఉన్న మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం, మైనరుకు బండి ఇచ్చి అతను నేరం చేస్తే తండ్రికి గాని, బండి యజమానికి గాని మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దవుతుంది. ఇక రెండవది బీమా. పాలసీ కాగితంలో, వ్యవస్థగా జరిపే పందేలకు, వేగ పరీక్షలకు బండి వాడితే బీమా వర్తించదనే షరతు ఉంటుంది. ఆ చిన్న అక్షరాలు చదివిన వారు తక్కువ.

చేయవలసినదేమిటి?

పోలీసులు వచ్చి నాలుగు బళ్ళు పట్టుకుపోతే వారం రోజులు చప్పుడు ఆగుతుంది. ఆ తరువాత కుర్రవాళ్ళు పక్క ఊరి గట్టుకు పోతారు. కనుక ఊళ్ళే ఒక ఏర్పాటు చేసుకోవడం మేలు. నీటికి దూరంగా ఉండి, పూర్తిగా ఎండిన పాత బట్టీ గొయ్యి ఒకటి, యజమాని ఒప్పుకుంటే, గ్రామసభలో మాట్లాడి కేటాయించాలి. అంబులెన్సు దగ్గరదాకా వచ్చే పుంత దారి ఉన్నదే ఎంచుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండి లైసెన్సు ఉన్నవారే దిగాలి. హెల్మెట్టు, బూట్లు తప్పనిసరి. ఒకసారికి ఒక బండే దిగాలి. సైలెన్సరు తీసిన బండిని రానివ్వకూడదు. పశువులు ఇంటికి మళ్ళే వేళ, పిల్లల పరీక్షల రోజుల్లో ఆట ఆపాలి. వేగం పందెం వద్దు, కాలు ఆనకుండా దాటే పోటీ పెట్టుకోమనాలి. పెట్రోలు లీటరు వంద దాటిన ఈ రోజుల్లో ఖర్చు తగ్గేదీ దానితోనే. పోటీగా జరపదలిస్తే మాత్రం ముందు అధికారుల అనుమతి తీసుకోవాలి.

ఊరంతా కూడితే ఆటకు చోటు దొరకడం మనకు కొత్త కాదు. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు పెడితే గట్ల మీద జనం నిలబడి చూశారు. కాలువకూ, గట్టుకూ నష్టం రాలేదు.

ఇక నీటిపారుదల శాఖ వారు తొలకరికి ముందే గట్ల మీది గాడులను పూడ్చి గడ్డి వేయించాలి. లారీలు దిగే చోట్లనూ ఇదే పట్టుదలతో చూడాలి. బండి ఎక్కకుండా గట్టు వాలున అడ్డు కర్రలు పాతే పని ఆ కుర్రవాళ్ళకే అప్పగిస్తే ఇంకా మంచిది. వరద రాత్రి ఇసుక బస్తాలు మోసేదీ, గట్టు మీద నిద్ర కాచేదీ వాళ్ళే. ఆ గట్టు గట్టిగా ఉండవలసిన అవసరం వాళ్ళకు విడమరచి చెబితే వినరనుకోవడం పెద్దల పొరపాటు.