ఏటి అడుగున ఒక చిన్న పాత్ర

దసరా సెలవులకు మా తమ్ముని కొడుకు కడప నుండి కర్నూలుకు వచ్చాడు. ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. పగలంతా బంధువుల ఇండ్లు తిరిగినా, రాత్రి భోజనమైన పిమ్మట కొంతసేపు కంప్యూటరు ముందు కూర్చుంటే గాని వానికి నిద్ర పట్టదు. వాడు ఆడే ఆట ఏమిటో చూతమని ఒక రాత్రి నేనూ కుర్చీ లాగుకొని పక్కన కూర్చున్నాను. తెర మీద మంచుకొండలు, ఒక పల్లె, పల్లెను ఒరసికొని పారే ఏరు. వాడు నడిపించే వీరుడు ఆ ఏటిలో మునిగాడు. అడుగున ఒక అస్థిపంజరం. దాని చెంత ఒక చేతిసంచి. సంచిలో ఒక కంఠహారం.

"ఎవరిదిరా ఆ ఎముకల గూడు?" అని అడిగాను.

"రేడా అని ఒకామెది పెద్దనాయనా. చిన్న పాత్రలే. ఎప్పుడో చచ్చిపోయింది," అన్నాడు వాడు, ముందుకు ఈదుతూనే.

ఆ మాట నన్ను చాలసేపు నిద్రపోనీయలేదు. పాత్రలను గూర్చి పాఠాలు చెప్పి జీతం తీసుకొంటున్నవాడిని నేను. నాయకుని శీలం వర్ణింపుడు, ప్రతినాయకుని స్వభావం వివరింపుడు అని ఎన్నో ప్రశ్నపత్రాలు వ్రాసినవాడిని. కథ మొదలు కాకముందే చనిపోయి, ఎవరి జ్ఞాపకంలోనో మాత్రమే మిగిలిన చిన్న పాత్రను గూర్చి ఒక్క ప్రశ్న ఇచ్చిన గుర్తు నాకు లేదు. నా వృత్తిలో నేను చూడని మూలను ఒక ఆట చూపించింది. అందుకే ఈ నాలుగు మాటలు.

తెలియనివారి కొరకు ఆ ఆటను గూర్చి కొంత చెప్పాలి. దాని పేరు స్కైరిమ్. అమెరికాలోని బెథెస్డా అనే సంస్థ 2011 నవంబరు 11న దానిని విడుదల చేసింది. 'ఎల్డర్ స్క్రోల్స్' అనే వరుసలో అది ఐదవది. ఇందులో ఆడేవాడు ఒక వేషం ధరించి ఆ కల్పిత దేశంలో స్వేచ్ఛగా సంచరిస్తాడు. ఎదురైనవారితో మాటలాడుతాడు, ఏ మాట చెప్పాలో, ఏ పని చేయాలో తానే నిర్ణయించుకొంటాడు. ప్రధాన కథ ఆల్డుయిన్ అనే మహాసర్పానిది. లోకాన్ని మ్రింగవచ్చిన ఆ రెక్కల పామును చంపవలసిన వీరుడు ఆడేవాడే. 2023 నాటికి ఈ ఆట 6 కోట్ల ప్రతులు అమ్ముడుపోయినట్లు దాని నిర్మాతలే చెప్పారు. మన కావ్యాలలో ఏది ఇంతమంది చేతులలోకి పోయిందో చెప్పండి!

ఆ మహాకథ నడిచే త్రోవలో ఐవర్‌స్టెడ్ అని ఒక చిన్న పల్లె ఉన్నది. కొండ మీది మఠానికి పోవాలంటే ఏడువేల మెట్లు అక్కడినుండే మొదలవుతాయి. ఎగువ అహోబిలానికి పోయేవారు దిగువ అహోబిలంలో ఆగినట్లు వీరుడు అక్కడ ఆగుతాడు. ఆ ఊరి వంతెనకు అవతల, కూలిపోయిన ఇంటిలో, నార్ఫీ అనే మతి చెడిన బిచ్చగాడు ఉంటాడు. వానికి ఒకటే ధ్యాస, తన అక్కచెల్లెలు రేడా ఏదని. ఊరిలోని పూటకూటి ఇంటి యజమానిని అడిగితే సంగతి తెలుస్తుంది. ఆమె మూలికలు ఏరుకొని రావడానికి పోయి మరల రాలేదు. ఆ దిగులుతోనే వాని మతి చలించింది. వెదకవలసిన చోటు దూరమేమీ కాదు. వంతెనకు తూర్పున, ఊరివారి కన్నుల ముందే, నీటి అడుగున ఆమె ఉన్నది.

రేడా ఆ ఆటలో ఒక్క పలుకైనా పలుకదు. ఆమె ముఖం మనం చూడము. ఎట్లా చనిపోయిందో ఎవరూ చెప్పరు. ఎముకలు, సంచి, హారం, తమ్ముడో అన్నో అయిన ఒక పిచ్చివాని ఎదురుచూపు. ఇంతే ఆమె చరిత్ర. ఈ నాలుగింటిని ఒకచోట చేర్చి ఒక మనిషిగా చూడడం ఆడేవాని వంతు. నా దృష్టిలో చదవడం అంటే సరిగా ఇదే.

ఈ విధమైన చదువు మన సీమవారికి క్రొత్తది కాదు. కడప జిల్లాలోని మా స్వగ్రామంలో చెరువు కట్ట దిగువన ఒక రాయి ఉండేది. చిన్ననాడు దానికి మేము దూడలను కట్టేవాళ్ళం. కళాశాలలో చేరిన తరువాత గాని అది వీరగల్లు అని నాకు తెలియలేదు. అటువంటి రాళ్ళు కడప, కర్నూలు ప్రాంతాల పల్లెలలో అనేకం. క్రింది అంతస్తులో పోరాడుతున్న మనిషి. నడుమ అంతస్తులో వానిని అప్సరసలు ఇరువైపుల పట్టుకొని పైకి తీసుకొనిపోవడం. పై అంతస్తులో శివలింగం ముందు వాడు చేతులు జోడించి కూర్చుండడం. ఆలమందలను మళ్ళించుకొనిపోయే శత్రువులతో పోరాడి పడినవాడో, ఊరిని కాపాడబోయి పడినవాడో అయి ఉంటాడు. కొన్నింటిమీద శాసనం ఉన్నది. ఎన్నింటిమీదనో ఒక్క అక్షరం లేదు. రాజుల పేర్లు మనం బడిలో వల్లెవేశాము. రాయి మీద కత్తి పట్టిన వానిని పేరు అడుగలేదు.

అడిగినవాడు ఒకడున్నాడు. కడపలో ఉద్యోగం చేసి, ఆ ఊరిలోనే తెలుగు గ్రంథాల సేకరణకు బంగళా కొనుక్కొన్న సి.పి. బ్రౌన్ దొర అనంతపుర చరిత్రమును వెలుగులోకి తెచ్చాడు. అందులో బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగినప్పుడు, ఊరిని కాపాడడానికి గండిలో నిలిచి ప్రాణమిచ్చిన ముసలమ్మ అనే కోడలి వృత్తాంతం ఉన్నది. రాజుల యుద్ధాల నడుమ ఆమెది ఒక చిన్న ముచ్చట. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉన్న రోజులలో దానిని చదివి అక్కడ ఆగారు. ఆ ఆగడమే 1900లో 'ముసలమ్మ మరణము' అనే కావ్యమై, ఆధునిక తెలుగు కవిత్వపు తొలి అడుగులలో ఒకటిగా నిలిచినది. ఇరవై ఏండ్లు నిండీ నిండని ఒక విద్యార్థి, చనిపోయిన ఒక చిన్న పాత్ర ముందు ఆగకుండా పేజీ త్రిప్పి ఉంటే మనకు ఆ కావ్యం లేదు. ఏటిలో ఈదుకొంటూ ముందుకు పోయిన మా పిల్లవాణ్ణి తలచుకొన్నప్పుడు నాకు ఈ సంగతే గుర్తు వచ్చినది.

ఇది సాహిత్యానికి మాత్రమే సంబంధించిన చర్చ అయితే ఇంత దూరం వ్రాయను. మన పత్రికాభాషలో "గల్లంతు" అని ఒక మాట ఉన్నది. 2021 నవంబరు 19న, అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి మొదలైన ఊళ్ళ మీద పడినది. వరద వార్తలలో ఎప్పుడూ రెండు అంకెలుంటాయి; మృతులు ఇందరు, గల్లంతైనవారు ఇందరు. మృతులకు కర్మకాండ జరుగుతుంది. గల్లంతైనవారికి అదియు లేదు. వారి ఇంటివారు ఏడవవలెనో, ఎదురుచూడవలెనో తెలియని స్థితిలో ఏటి గట్టున నిలబడతారు. రేడా గల్లంతైన మనిషి. నార్ఫీ గట్టున నిలబడిన మనిషి. ఎక్కడో మంచుదేశపు కల్పనలో ఉన్నారనుకొన్న ఈ ఇద్దరూ మన జిల్లాలో ఎన్ని ఇండ్లలో ఉన్నారో ఆలోచించండి. వారిని గూర్చి "చిన్న పాత్రలే" అని ఎవరనగలరు?

ఇక్కడ నా సహోద్యోగి ఒకరు వేసిన ఆక్షేపణను దాచడం న్యాయం కాదు. "అయ్యా, ఆ ఆటలో సగం నరకడమే గదా! దానిని కావ్యాల సరసన కూర్చోబెడతారా?" అన్నారు ఆయన. ఆయన మాటలో సత్యం ఉన్నది. ఆ ఆటలోనే ఒక హంతకుల సంఘం ఉన్నది. అందులో చేరినవానికి, కూలి తీసుకొని ఇదే నార్ఫీని చంపే పని అప్పగిస్తారు. నేను విచారించి తెలుసుకొని నివ్వెరపోయాను. ఒక పిచ్చివానికి తోబుట్టువు వార్త తెచ్చి ఇవ్వడానికి, వానిని చంపి డబ్బు తీసుకోవడానికి అదే చేయి, అదే మీట. అయితే ఇందువల్ల ఆటను ఇంటినుండి తరిమివేయాలని నేననుకోను. పిల్లలు తరిమితే పోయే దశలో లేరు. రెండు పనులూ ఒకే చేతికి అందుబాటులో ఉన్నవి గనుకనే, ఆ చేతికి వివేకం నేర్పే ఉపాధ్యాయుని అవసరం మరింత ఉన్నదని నా అభిప్రాయం.

సెలవుల తరువాత నా తరగతిలో ఒక ప్రశ్న వేశాను. రేడా ఎముకలను చూచిన వీరుడు మరల నార్ఫీ వద్దకు వచ్చినప్పుడు ఆట రెండు మాటలలో ఒకటి ఎన్నుకొమ్మంటుంది. ఆమె చనిపోయిందని చెప్పవచ్చు. త్వరలో వస్తుందని చెప్పవచ్చు. ఏది చెప్పినా వీరునికి శిక్ష లేదు. మీరైతే ఏమి చెబుతారు?

తరగతి రెండుగా చీలినది. "అబద్ధం చెబితే అతడు రేపు కూడా ఎదురుచూస్తాడు గదా సార్. ఆ పాపం మనదే," అన్నది ఒక అమ్మాయి. వెనుక బల్లలో ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి లేచి, "నిజం చెప్పి మనం వెళ్ళిపోతాం సార్. ఆ రాత్రి అతని దగ్గర ఎవరుంటారు?" అన్నాడు. నేను ఆ గంటలో మరేమీ చెప్పలేదు. చెప్పవలసినదంతా ఆ ఇద్దరే చెప్పారు.

వారిద్దరికీ సమాధానం మన వద్ద పూర్వమే ఉన్నది. దశరథుడు వేటకు పోయి, సరయూ తీరంలో కుండ నింపుకొంటున్న మునికుమారుణ్ణి ఏనుగు అనుకొని కొట్టాడు. శ్రవణకుమారుడని లోకం పిలుచుకొనే ఆ బాలునికి వాల్మీకి పేరైనా పెట్టలేదు. అంత చిన్న పాత్ర! అయినా రామాయణ కథకు మూలమైన పుత్రశోక శాపం ఆ పేరు లేని పిల్లవాని చావులోనే ఉన్నది. దశరథుడు ఆ కుండతో నీరు తీసుకొని అంధులైన తల్లిదండ్రుల వద్దకు పోయాడు. అడుగుల చప్పుడు విని కొడుకే వచ్చాడనుకొన్నారు వారు. అబద్ధానికి అంతకంటె అనువైన వేళ లేదు. రాజు నిజమే చెప్పాడు. చెప్పి వెళ్ళిపోలేదు. వారి కోరిక మీద ఇద్దరినీ కొడుకు పడి ఉన్న చోటికి తానే తీసుకొనిపోయాడు. వారు శవాన్ని తాకి ఏడ్చేవరకు, శాపమిచ్చేవరకు అక్కడే నిలిచాడు. నిజం చెప్పాలన్న అమ్మాయి మాట, ఒంటరిగా విడువరాదన్న అబ్బాయి మాట, రెండూ ఆ ఘట్టంలో ఒకటైనవి. ఆట రెండు మాటలు మాత్రమే ఇచ్చినది. చేయి పట్టుకొని గట్టుకు తీసుకొనిపోయే మూడవ త్రోవ దానిలో లేదు. ఆ త్రోవను చూపడం కావ్యం పని, కావ్యం చెప్పేవాని పని.

కావున ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒకటే. మీ పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో కోపపడకుండా అడగండి. అందులో ఎవరు చనిపోయారో, వారి కొరకు ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పమనండి. ఆ పైన మీ ఊరి వెలుపల ఉన్న వీరగల్లు వద్దకు వారిని తీసుకొనిపోయి, ఇతడు ఎవరై ఉంటాడో వ్రాయమనండి. విద్యార్థులకు నేను చెప్పేది ఇంకా చిన్నది. చనిపోయిన చిన్న పాత్ర ఎదురైనప్పుడు ఒక్క నిమిషం ఆగండి.

మా పిల్లవాడు మొన్న కడప నుండి ఫోను చేశాడు. "పెద్దనాయనా, నార్ఫీకి నిజమే చెప్పినా. చెప్పినాక కాసేపు అక్కడే నిలబడినా," అన్నాడు.

"నిలబడితే ఏమి వచ్చిందిరా?" అన్నాను.

"ఏమీ రాలేదు. ఊరికే నిలబడినా," అన్నాడు.