అప్పు సర్కారుది, తాకట్టు పేదవాని పట్టా

అప్పుపడినవాడొకడు, తాకట్టుపడినవాడు వేరొకడు. ఇట్టి లెక్క ఏ వడ్డీవ్యాపారి చిట్టాయందును కానరాదు. కాని మన రెండు తెలుగు రాష్ట్రములయందును ఉన్నతవిద్య పేర జరుగుచున్న వ్యవహారమిదియే. బీదవిద్యార్థి కళాశాలా రుసుమును తాము చెల్లింతుమని ప్రభుత్వములు మాట ఇచ్చినవి. ఆ మాట నమ్మి కూలివాని కొడుకు ఇంజనీరింగు కళాశాలలో చేరును, నాలుగేండ్లు చదువును, ఉత్తీర్ణుడగును. తీరా పట్టా కొరకు పోగా, సర్కారు సొమ్ము రాలేదు కావున బకాయి నీవు కట్టి కాగితములు తీసికొనిపొమ్మని కళాశాలవారందురు. ఉద్యోగమిచ్చువాడు పట్టా చూపుమనును. పట్టా కళాశాల బీరువాలో నుండును.

ఈ పథకమేల పుట్టినదో చదువరులు జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. 1993లో ఉన్నికృష్ణన్ కేసునందు సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలలో సగము సీట్లను ప్రతిభననుసరించి, సర్కారు కళాశాలల రుసుమునకే ఈయవలెనని యేర్పాటు చేసెను. 2002లో టి.యం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసునందు పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ యేర్పాటును త్రోసిపుచ్చెను. పేదవానికి చౌకగా దొరకు సగము సీట్ల ఆసరా దానితో పోయెను. వెల ఈయలేని యింటికి తలుపు మూతవడెను. ఆ తలుపు తెరచుటకే ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వై.యస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా నుండిన కాలమున, రుసుములను ప్రభుత్వమే చెల్లించు పథకము విస్తరిల్లెను. 2014లో రాష్ట్రము రెండైన పిదపను, పక్షములు మారినను, పథకము పేళ్లు మారినను, దానిని రద్దుచేయ నెవరును సాహసింపలేదు. రద్దుచేయుటకు ధైర్యము చాలనివారు ఆలస్యము చేయుట నేర్చిరి.

ఆంధ్రప్రదేశమున 2021 మొదలు సొమ్మును తల్లుల ఖాతాలలో వేసిరి. 2024లో ప్రభుత్వము మారిన పిదప మరల కళాశాలలకే చెల్లింప నిశ్చయించిరి. త్రోవ మారినది, ఆలస్యము మారలేదు. తెలంగాణమున 2025 నవంబరులో ప్రైవేటు కళాశాలలు బకాయిలకై తలుపులు మూసికొని సమ్మె చేసినవి. ఎవరి తగవు ఎవరితోనైనను, ఆ దినములలో పాఠము పోయినది విద్యార్థికే.

కళాశాలవారి మొర యబద్ధమని మేమనము. అధ్యాపకునకు నెల తిరుగగనే జీతమీయవలెను. సర్కారు మాత్రము సంవత్సరములు తిరిగినను కదలదు. కాని వారి ఋణగ్రస్తుడు సచివాలయమున నున్నాడు. అతనిపై దావా వేయుడు, సమ్మె చేయుడు; ఆ బలము మీకు కలదు. అతనిని పట్టజాలక, ఎదురాడలేని పిల్లవాని కాగితములు పట్టుకొనుట ఏ ధర్మము? విద్యార్థుల మూలపత్రములను నిలిపియుంచరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోనే ప్రకటించినది. న్యాయవాదులమైన మాకు సుప్రీంకోర్టు ఇంతకంటె కఠినముగా బుద్ధి చెప్పియున్నది. ఆర్.డి. సక్సేనా కేసునందు 2000లో, ఫీజు బాకీ యున్నదను నెపమున కక్షిదారుని కాగితములను వకీలు బిగబట్టరాదనియు, అవి అమ్ముకొను సరకులు కావనియు తీర్పు చెప్పెను. అమ్మిన కాసు రాని కాగితము తాకట్టునకు పనికిరాదు. అది యెదుటివాని మెడపై కాలుంచుటకే పనికివచ్చును. నల్లకోటువానికి తగనిది కళాశాలా యజమానికెట్లు తగును?

ఇక ప్రభుత్వమువారు ఖజానా ఖాళీ యందురు. రాజ్యాంగము 41వ అధికరణమునందు విద్యాహక్కును రాజ్యము తన ఆర్థికశక్తికి లోబడి సమకూర్పవలెనని యున్నమాట నిజమే. ఆ వాదము మాట ఈయనివానికి చెల్లును. మాట యిచ్చి, సీటులో చేర్చుకొని, నాలుగేండ్లు గడిపిన పిదప శక్తి లేదనుట చెల్లదు. వనస్పతి కర్మాగారము స్థాపించినచో అమ్మకపు పన్ను మినహాయింతుమని ఉత్తరప్రదేశ ప్రభుత్వము మోతీలాల్ పదంపత్ చక్కెరమిల్లుల కంపెనీకి మాట యిచ్చి తప్పగా, నమ్మి నడచినవానికి ఇచ్చిన మాట నిలుపవలసినదేయని సుప్రీంకోర్టు 1978లో తీర్పరించెను. మిల్లు యజమానికి చెల్లిన న్యాయము కూలివాని బిడ్డకు చెల్లదా?

ఈ జాప్యమునకు వడ్డీ యెవరు కట్టుచున్నారో చూడుడు. కలవారి కుమారుడు బకాయి కట్టివేసి ఉద్యోగములో చేరును. లేనివాడు చేతికందిన ఉద్యోగము వదలుకొనును, లేదా తండ్రిచేత నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేయించును. పై చదువులో సీటు వచ్చినవాడు బదిలీపత్రము లేక గడువు దాటించుకొనును. ఆడపిల్లయైనచో, ఇంట నూరకుండుటయేల యని సంబంధము చూచెదరు. ఒక తరములో ఒక్కసారి తెరచుకొను తలుపు ఇట్లు మూతవడుచున్నది. ఇంజనీరు కావలసినవాడు ఇంటింటికి అన్నపు పొట్లములు చేరవేయుచున్నాడు. ఆ పనియు గౌరవమైనదే. కాని దానికై నాలుగేండ్ల చదువును, ఖజానా సొమ్మును వెచ్చింప నక్కరలేదు.

మన పట్టణములలో వెనుక బీదబాలురు వారములు చేసికొని చదివిరి. ఒంగోలులో పూటకూళ్లయిల్లు నడపిన తల్లి కష్టముపై చదివి టంగుటూరి ప్రకాశము బారిష్టరాయెను. ఆనాడు అన్నము పెట్టిన యిల్లాలు బాలుని పుస్తకములు లాగికొనలేదు. కాని ఆ వారముల అన్నము అన్ని కులముల పిల్లలకు అందలేదు. పంచమబాలునకు ఆ యింటి గడపయే దూరమాయెను. అందుచేతనే దయకు మారుగా హక్కు కావలసివచ్చినది. హక్కని పిలిచి బిచ్చమువలె విదల్చుట స్వరాజ్య ప్రభుత్వములకు తగదు.

మేము కోరునవి మూడు. చదువు ముగించిన ప్రతివాని పత్రములను బకాయితో నిమిత్తము లేక వెంటనే ఈయవలెను. ఈయని కళాశాల గుర్తింపును విశ్వవిద్యాలయము విచారణకు దేవలెను. రుసుముల సొమ్మును ప్రభుత్వము విద్యాసంవత్సరము ముగియకముందే చెల్లింపవలెను; ఆలస్యమైనచో వడ్డీని తానే భరింపవలెను.

చదువరులారా! ప్రభుత్వము కదలువరకు మీరు చేతులు ముడిచికొని యుండనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి, స్త్రీలకు, నిర్ణీత ఆదాయమునకు లోబడినవారికి ఉచిత న్యాయసహాయము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టవచ్చును. మీ ఊరి పఠనమందిరమున ఆదివారమునాడు ఒక బల్ల వేయుడు. అర్జీ వ్రాయ నేర్చినవారిద్దరు దానివద్ద కూర్చుండుడు. పట్టా చిక్కని పిల్లలను పిలిపించుడు. బీరువాలో మగ్గుచున్నది ఒక కాగితమే. కాని దానితో ఒక కుటుంబము ముందడుగు ఆగియున్నది.